ఏడో కణానికి ఎవరు చెప్పారు?

పోయిన నెల ఈ పేజీలో పండ్ల ఈగ కన్ను గురించి నాలుగు మాటలు రాశాను. దాని ఒక్కో కంట్లో సుమారు 750 చిన్న కళ్లు వరసలు కట్టి ఉంటాయనీ, ఒక్కో చిన్న కంటిలో, అంటే నేత్రాంశంలో, వెలుగును పసిగట్టే కణాలు సరిగ్గా ఎనిమిదే ఉంటాయనీ చెప్పాను. చోటు చాలక అక్కడితో ఆపేశాను. ఎనిమిదే ఎందుకు, ఆ లెక్క ఎవరు చూస్తారు అంటూ ఉత్తరాలు వచ్చాయి. నా పరిశోధన కాలమంతా ఈ కంటితోనే గడిచింది. కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను మేడమ్. శరీరంలో అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్ఏ ఉంటుందని మా టీచర్ చెప్పారు. అలాంటప్పుడు ఈగ కంటిలో ఏ కణం వెలుగును పట్టాలో, ఏ కణం కటకం తయారుచేయాలో ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: బాగా అడిగావు తల్లీ. డీఎన్ఏ అంతటా ఒకటే. ఏ కణంలో ఏ జన్యువు పనిచేస్తుంది, ఏది ఊరుకుంటుంది అన్నదే తేడా. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో రెండు రకాలుగా ఊహించవచ్చు. ఒక తల్లి కణం వరసగా విభజన చెందుతూ పోతే, పుట్టిన క్రమాన్ని బట్టి పిల్ల కణాలకు పనులు దక్కి ఉండవచ్చు. లేదా కణం ఎక్కడుందో చూసి, దాని పక్కనున్న కణాలే దానికి పని చెప్పి ఉండవచ్చు. పుట్టుకా, ఇరుగుపొరుగా?

దీన్ని తేల్చిన ప్రయోగం 1976లో అచ్చయింది. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సేమూర్ బెంజర్ దగ్గర పనిచేసిన రెడీ, హాన్సన్ ఆయనతో కలిసి చేశారు. పండ్ల ఈగ కన్ను మామూలుగా ఎరుపు. 'వైట్' అనే జన్యువు చెడితే తెల్లగా పుడుతుంది. 1910లో థామస్ హంట్ మోర్గాన్ కంటబడి జన్యుశాస్త్రాన్నే మలుపు తిప్పిన తెల్లకళ్ల ఈగ అదే. ఈ ముగ్గురూ ఒకే కంటిలో కొన్ని కణాలకు రంగు వచ్చేలా, కొన్నిటికి రాకుండా ఉండే ఈగలను తీసుకున్నారు. నేత్రాంశంలోని ఎనిమిది కణాలూ ఒకే తల్లి పిల్లలైతే ఆ నేత్రాంశం పూర్తిగా రంగుతో ఉండాలి, లేదా పూర్తిగా రంగు లేకుండా ఉండాలి. రెండు ప్రాంతాలు కలిసే సరిహద్దులో చూస్తే అలా లేదు. ఒక నేత్రాంశంలో కొన్ని కణాలకే రంగు ఉంది. పక్కదానిలోనూ అంతే, కాకపోతే అక్కడ రంగున్న కణాలు వేరు. ఫలానా రెండు కణాలు ఎప్పుడూ జంటగానే ఉంటాయి అన్న నియమమేదీ దొరకలేదు. కాబట్టి ఎవరి పిల్ల అన్నది లెక్కలోకి రాలేదు. ఎవరి పక్కన ఉంది అన్నదే లెక్క.

మరి కణాలు ఎలా మాట్లాడుకుంటాయి? ఒక కణం ఒక ప్రోటీన్‌ను బయటికి వదులుతుంది, లేదా తన ఒంటి మీదే ఉంచుకుంటుంది. అదే సంకేతం. అవతలి కణం పైపొరలో దానికి సరిపోయే గ్రాహకం ఉంటుంది. సంకేతం వచ్చి తగులుకోగానే గ్రాహకం లోపలి కొస మారుతుంది. ఆ మార్పు ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి అందుతూ కేంద్రకం దాకా చేరి, కొన్ని జన్యువులను లేపుతుంది, కొన్నిటిని ఆపుతుంది. గ్రాహకం లేని కణానికి ఎంత సంకేతం తగిలినా వినబడదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం చెబుతాను. ఈగ ఇంకా లార్వాగా పాకుతున్నప్పుడే, పెద్దయ్యాక రావలసిన కన్ను దాని లోపల తయారవుతుంటుంది. అప్పటికి అది పల్చటి కణాల పొర మాత్రమే. దాన్ని ఐ డిస్క్ అంటాం. మూడో దశ లార్వాలో ఆ పొర వెనక అంచున ఒక గాడి పడుతుంది. నాగటి చాలు ముందుకు సాగే కొద్దీ వెనక దుక్కి తేలినట్టు, ఈ గాడి ముందుకు జరిగే కొద్దీ వెనక నేత్రాంశాల వరసలు తేలతాయి. గాడికి ముందున్న కణాల్లో ఏ క్రమమూ ఉండదు. గాడి దాటిన కణాలు గుంపులు కట్టి, సమానమైన ఎడంతో నిలబడి ఉంటాయి. సుమారు రెండు గంటలకో వరస చొప్పున రెండు రోజులకు పైగా ఈ పని నడుస్తుంది.

గాడిని ముందుకు నడిపేది కూడా ఈ మాటలే. గాడి వెనక అప్పటికే నాడీకణాలుగా మారినవి హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది తగిలిన కణాలు డీపీపీ అనే ఇంకో ప్రోటీన్ తయారుచేసి, తమ ముందున్నవాటిని సిద్ధం చేస్తాయి. అలా సిద్ధమైనవి కాసేపటికి నాడీకణాలై, అవీ హెడ్జ్‌హాగ్ వదలడం మొదలుపెడతాయి. బయటి నుంచి ఎవరూ తోయనక్కర్లేదు.

గాడిలో ఉన్నప్పుడు కణాలన్నీ ఎటోనల్ అనే జన్యువును వాడుతుంటాయి. ఆ సమయంలో ప్రతి కణానికీ నాడీకణం అయ్యే అర్హత ఉంది. అన్నీ అయితే కన్ను ఉండదు, నాడుల ముద్ద ఉంటుంది. అక్కడ పనికొచ్చేది నాచ్ గ్రాహకం. డెల్టా అనే ప్రోటీన్‌ను ఏ కణం కాస్త ఎక్కువగా చూపిస్తే, అది చుట్టూ ఉన్నవాటి నాచ్‌ను తట్టి 'నువ్వు కావద్దు' అని చెబుతుంది. వద్దనిపించుకున్న కణం తన డెల్టాను ఇంకా తగ్గించుకుంటుంది. చిన్న తేడా చూస్తుండగానే పెద్దదవుతుంది. చివరికి గుంపుకు ఒకే ఒక్క కణంలో ఎటోనల్ మిగులుతుంది. పుట్టుకలో మొదటిదైన ఆ కణాన్నే మేం ఎనిమిదో కణం అంటాం. పెద్ద ఈగ కంటిలో అది నిలిచే చోటును బట్టి ఆ అంకె వచ్చింది. పరీక్షలో అడిగితే కంగారుపడకు.

ప్రశ్న: ఈగ కాలి మీద, రెక్క మీద కళ్లు మొలిపించారని ఎక్కడో చదివాను. నిజమా, కల్పితమా? నిజమైతే ఆ కళ్లతో అది చూడగలదా?

జవాబు: నిజమేనండీ. 1995లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం చేసింది. 'ఐలెస్' అనే జన్యువు చెడితే ఈగకు కళ్లు చిన్నవవుతాయి, లేదా అసలు రావు. 1915 నుంచే ఆ ఈగలు తెలుసు. గేరింగ్ బృందం దాన్ని తిరగేసి, మామూలుగా ఆ జన్యువు పనిచేయని చోట, కాలు, రెక్క, మీసం కావలసిన కణాల్లో దాన్ని పనిచేయించింది. అక్కడ కటకాలతో సహా ఎర్రటి కళ్లు వచ్చాయి. అంతకుముందు ఏడాదే వాళ్లు ఇంకో సంగతి బయటపెట్టారు. ఎలుకలోనూ మనిషిలోనూ పాక్స్6 అని పిలిచే జన్యువు దీనికి సాటి. మనిషిలో అది దెబ్బతింటే కనుపాప చుట్టూ ఉండే రంగు పొర లేకుండా పుట్టే అనిరీడియా వస్తుంది. ఎలుక పాక్స్6ను ఈగ కాలిలో పెట్టినా కన్ను మొలిచింది. మొలిచింది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే.

ఈ ప్రయోగం గురించి చెప్పేవాళ్లు సాధారణంగా వదిలేసే విషయం ఒకటుంది. ఐలెస్‌ను ఎక్కడ పనిచేయించినా కన్ను రాదు. హెడ్జ్‌హాగ్, డీపీపీ సంకేతాలు అందే చోట్లే వస్తుంది. ఒక్క జన్యువు ఆజ్ఞాపించగానే కన్ను పుట్టిందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, పక్క కణాల మాట తోడు లేకపోతే ఆ ఆజ్ఞ చెల్లదు. ఇక చూపు సంగతి. చూడాలంటే కంటి నుంచి నాడులు మెదడులో చూపుకు సంబంధించిన భాగానికి చేరాలి. కాలి మీది కంటికి ఆ దారి లేదు.

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థిని. ఎనిమిదో కణం తర్వాత వచ్చే కణాలన్నిటినీ ఈజీఎఫ్ గ్రాహకం ద్వారానే పిలుస్తారని చదివాను. అందరికీ ఒకే సంకేతమైతే ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఎందుకు మారుతుంది? ఏడో కణానికి మాత్రం విడిగా సెవెన్‌లెస్ గ్రాహకం ఎందుకు?

జవాబు: మీరు అడిగినదాంట్లోనే ఈ రంగమంతా ఉందమ్మా. కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు వరస గుర్తుచేసుకోండి. ఎనిమిదో కణం తర్వాత చేరేవి రెండో, అయిదో కణాలు. వాటి తర్వాత మూడు, నాలుగు. మిగిలిన కణాలు ఇంకోసారి విభజన చెందుతాయి. వాటిలోంచి ఒకటి, ఆరు, చివరగా ఏడు చేరతాయి. ఆ వెనక కటకాన్ని తయారుచేసే కోన్ కణాలు నాలుగు, ఆ తర్వాత వర్ణక కణాలు. ఎనిమిదో కణం స్పిట్జ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. స్పిట్జ్ మొదట పొరకు అతుక్కుని ఉంటుంది, అలా ఉన్నంతసేపూ పనిచేయదు. స్టార్ అనే ప్రోటీన్ దాన్ని కణంలో సరైన చోటికి చేరవేస్తే, రోంబాయిడ్ దాన్ని కత్తిరించి విడుదల చేస్తుంది. విడుదలైన స్పిట్జ్ పక్క కణం మీది ఈజీఎఫ్ గ్రాహకాన్ని తడుతుంది. పిలుపు అందుకున్న కణం ఆర్గోస్ అనే ప్రోటీన్ తయారుచేసి బయటికి వదులుతుంది. ఆర్గోస్ దూరం వెళ్లి స్పిట్జ్‌ను పట్టేస్తుంది. కాబట్టి దగ్గరివాటికి పిలుపు అందుతుంది, దూరపువాటికి అందదు. ఆర్గోస్ లేని ఈగ కంటిలో అవసరానికి మించి కణాలు చేరిపోయి, పైన చూస్తే కన్ను గరుకుగా కనబడుతుంది.

1996లో మాథ్యూ ఫ్రీమన్ ఒక స్పష్టమైన ప్రయోగం చేశారు. ఈజీఎఫ్ గ్రాహకాన్ని వేరువేరు సమయాల్లో అడ్డుకుంటే, ఆ సమయంలో చేరవలసిన కణం ఏదైనా సరే చేరలేదు. ఎక్కువగా పనిచేయిస్తే అన్ని రకాలూ ఎక్కువగా వచ్చాయి. కాబట్టి ఆ సంకేతంలో 'నువ్వు ఫలానా కణం కా' అన్న సమాచారం లేదు. అందులో ఉన్నది 'ఇప్పుడు మారు' అన్నదొక్కటే. ఏమవ్వాలన్నది ఆ కణంలో అప్పటికే ఏ ప్రోటీన్లు ఉన్నాయన్నదాన్ని బట్టి తేలుతుంది. రెండు, అయిదు కణాల్లో రఫ్ ఉంటుంది. మూడు, నాలుగు, ఒకటి, ఆరు కణాల్లో సెవెన్-అప్ ఉంటుంది. రెండో విభజన తర్వాత చేరేవాటిలో లోజెంజ్ ఉంటుంది. సంకేతం ఒకటే, వినే కణం సిద్ధపడి ఉన్న తీరు వేరు. విద్యార్థులు సంకేతాల పేర్లన్నీ కంఠతా పట్టి, వినే కణాన్ని మరిచిపోవడం నేను చాలాసార్లు చూశాను. సగం కథ అక్కడే ఉంది.

ఇక ఏడో కణం. అది అతినీలలోహిత కాంతిని పట్టేది. ఒకవైపు అతినీలలోహిత కాంతి, ఇంకోవైపు ఆకుపచ్చ కాంతి పెడితే మామూలు ఈగ అతినీలలోహితం వైపు వెళుతుంది. బెంజర్ ప్రయోగశాలలో అలా వెళ్లని ఈగలు దొరికాయి. వాటి కంటిని కోసి చూస్తే ప్రతి నేత్రాంశంలోనూ ఏడో కణం లేదు. 1976లో దాన్ని వివరంగా అచ్చువేశారు. జన్యువుకు సెవెన్‌లెస్ అని పేరు పెట్టారు. ఏడో కణం కావలసినది చచ్చిపోలేదు, కోన్ కణంగా మారిపోయింది. 1980లలో ఆ జన్యువును విడదీసి చూస్తే అది టైరోసిన్ కైనేజ్ రకం గ్రాహకమని తేలింది. మాట వినిపించేది ఎవరన్నది 1988లో రైంకే, జిపుర్‌స్కీ పట్టుకున్నారు. బ్రైడ్ ఆఫ్ సెవెన్‌లెస్, పొట్టిగా బాస్, అనే జన్యువు ఎనిమిదో కణంలో చెడితే చాలు, పక్కనున్న ఏడో కణం రాదు. తప్పు ఒకదానిలో, లోపం ఇంకోదానిలో! బాస్ ప్రోటీన్ ఎనిమిదో కణం పొరలోనే పాతుకుని ఉంటుంది, విడిపోదు. తాకి ఉన్న కణానికే అది అందుతుంది. సెవెన్‌లెస్ గ్రాహకం కోన్ కణాలు కాబోయేవాటి మీదా ఉంటుంది గానీ అవి ఎనిమిదో కణాన్ని తాకవు.

'విడిగా గ్రాహకం ఎందుకు' అన్నదానికి ఇప్పుడు వద్దాం. సెవెన్‌లెస్ లోపలికి పంపే సందేశం కొత్తదేమీ కాదు. ఈజీఎఫ్ గ్రాహకం వాడే రాస్, రాఫ్, మ్యాప్ కైనేజ్ అనే ప్రోటీన్ల గొలుసునే ఇదీ వాడుతుంది. రాస్‌ను ఎప్పుడూ పనిచేసే స్థితిలో పెడితే సెవెన్‌లెస్ లేకపోయినా ఏడో కణం వస్తుంది, కోన్ కణాలు కావలసినవి కూడా ఏడో కణాలైపోతాయి. మరి ఇంకో గ్రాహకం అవసరమేంటంటే, ఏడో కణం కాబోయేదాన్ని పక్కనున్న ఒకటో, ఆరో కణాలు తమ డెల్టాతో నాచ్ ద్వారా పట్టి ఉంచుతాయి. ఆ నాచ్ సంకేతమే దాన్ని ఏడో రకం వైపు మళ్లిస్తుంది, అదే దాన్ని నాడీకణం కాకుండా వెనక్కీ లాగుతుంది. ఆ లాగుడును దాటాలంటే ఈజీఎఫ్ ఒక్కటే ఇచ్చే బలం చాలదు. సెవెన్‌లెస్ ఇచ్చేది ఆ అదనపు బలం. 2001లో టామ్లిన్‌సన్, స్ట్రూల్ ఈ లెక్క తేల్చారు.

దీని మీదే 1991లో బర్క్‌లీలో జెరాల్డ్ రూబిన్ ప్రయోగశాలలో మైకేల్ సైమన్, సహచరులు చేసిన పని చెప్పకుండా ఉండలేను. వేడిని బట్టి పనితీరు మారే సెవెన్‌లెస్‌ను వాళ్లు తయారుచేసుకున్నారు. ఈగలను పెంచే వేడిని జాగ్రత్తగా సరిచేసి, ఏడో కణం రావడానికి సంకేతం సరిగ్గా బొటాబొటీగా సరిపోయే చోట నిలబెట్టారు. ఆ స్థితిలో గొలుసులోని ఏ ప్రోటీన్ సగానికి తగ్గినా ఏడో కణం మాయమవుతుంది. మామూలు ఈగలో సగం తగ్గితే తేడా తెలియదు. ఇలా పట్టిన జన్యువుల్లో రాస్ ఉంది, సన్ ఆఫ్ సెవెన్‌లెస్ ఉంది. గ్రాహకం నుంచి రాస్‌కు మాట అందించేది ఆ రెండోదే.

ఏడో కణం ఉందో లేదో చూడటానికి ప్రతిసారీ కన్ను కోయనక్కర్లేదు. తలను నూనె చుక్కలో ఉంచి కింది నుంచి వెలుగు పంపితే, కటకాల వంపు అడ్డురాకుండా పోయి ప్రతి నేత్రాంశంలో మెరిసే చుక్కలు కనిపిస్తాయి. చుట్టూ ఆరు, నడుమ చిన్నది ఒకటి. ఎనిమిదో కణం దాని కింద దాగి ఉంటుంది కాబట్టి చుక్కలు ఏడే. సెవెన్‌లెస్ ఈగలో ఆ నడిమి చుక్క ఉండదు. ఆ ఖాళీని ఒక్కసారి కళ్లారా చూస్తే ఈ పేర్లన్నీ వాటంతట అవే గుర్తుంటాయి.

ప్రశ్న: మా బాబుకు నూనన్ సిండ్రోమ్ అన్నారు. జన్యు పరీక్ష రిపోర్టులో ఎస్ఓఎస్1 అని ఉంది. వెతికితే ఈగ జన్యువు పేరు అని వచ్చింది. ఏమీ అర్థంకాక టెన్షన్‌గా ఉంది. గర్భంతో ఉన్నప్పుడు నేను చేసిన పొరపాటు ఏమైనా ఉందా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతానమ్మా. లేదు. మీరు తిన్నదాని వల్లో, చేసిన పని వల్లో ఇది రాలేదు.

బాబులో ఈగ జన్యువు ఏమీ లేదు. పై జవాబులో చెప్పిన సన్ ఆఫ్ సెవెన్‌లెస్‌ను ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎస్ఓఎస్ అంటారు. ఈగలో అది దొరికాక, అలాంటి జన్యువే మనుషులందరిలో ఉందని తెలిసి అదే పేరు పెట్టారు. మీలోనూ ఉంది, నాలోనూ ఉంది. ఈగ కంటిలో లాగే మన ఒంట్లో కూడా దాని పని రాస్‌కు మాట అందించడమే. పని లేనప్పుడు ఆ ప్రోటీన్ తనంతట తాను ముడుచుకుని ఊరుకుంటుంది. నూనన్ సిండ్రోమ్‌లో కనిపించే మార్పు ఆ ముడుపును కాస్త వదులు చేస్తుంది. అందువల్ల రాస్ కొంచెం ఎక్కువగా పనిచేస్తుంది. గుండె కవాటాలు, ఎముకల ఎదుగుదల ఆ కొలత మీద ఆధారపడేవి కాబట్టి వాటి మీద ప్రభావం కనిపిస్తుంది. ఎస్ఓఎస్1 మార్పులకూ ఈ సిండ్రోమ్‌కూ సంబంధం ఉందని 2007లో తేలింది. ఈ మార్పు ఉన్న పిల్లల్లో చాలామందికి ఎత్తు, తెలివితేటలు మామూలుగానే ఉంటున్నాయని అప్పుడే గమనించారు. అయితే ఒక్కో బిడ్డ ఒక్కోలా ఉంటారు. బాబు గురించి చెప్పగలిగింది బాబును చూసే డాక్టర్లే.

మీరు వాళ్లను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. గుండె పరీక్షలు ఎంతకాలానికోసారి చేయించాలో అడగండి. ఈ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. కాబట్టి పన్ను తీయించేటప్పుడైనా, ఆపరేషన్ అంటే అయినా ముందుగా ఆ పరీక్ష చేయమని చెప్పండి. మీ ఇద్దరికీ ఆ మార్పు ఉందేమో చూపించుకోండి. ఇద్దరిలో ఎవరికైనా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. ఇద్దరికీ లేకపోతే అది బాబులోనే కొత్తగా వచ్చిందన్నమాట. అప్పుడు మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర ఒక గంట కూర్చుంటే చాలా బరువు దిగుతుంది.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. ఈ గాడి, ఈ వరసలు పిల్లలకు బొమ్మల్లో కాకుండా నేరుగా చూపించాలని ఉంది. సాధ్యమేనా?

జవాబు: తప్పకుండా సాధ్యమే సార్. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి పది రోజులే పడుతుంది కాబట్టి లార్వాలకు కొరత ఉండదు. తిండి వదిలేసి సీసా గోడ ఎక్కుతున్న లార్వాలను ఎంచుకోండి. గాడి సగం దూరం దాటి ఉండేది వాటిలోనే. సెలైన్ బఫర్ చుక్కలో పెట్టి, ఒక ఫోర్‌సెప్స్‌తో ఒంటి మధ్యలో పట్టుకుని, ఇంకోదానితో నోటి దగ్గరి నల్లటి కొక్కేలను పట్టి నెమ్మదిగా లాగండి. కొక్కేలతో పాటు మెదడు, దానికి అతుక్కుని రెండు డిస్కులూ వచ్చేస్తాయి. ఒక్కో డిస్క్ రెండు తమ్మెలుగా ఉంటుంది. వలయాల్లా గీతలున్న చిన్న తమ్మె మీసం కాబోయేది, సన్నటి కాడతో మెదడును అంటుకున్న పెద్దది కన్ను కాబోయేది. గట్టిగా లాగితే ఆ కాడ తెగుతుంది, ఓపిక పట్టమనండి.

రంగు వేయకపోయినా, మంచి కాంట్రాస్ట్ ఉన్న మైక్రోస్కోప్ కింద గాడి ఒక గీతలా కనిపిస్తుంది. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే ఈలావ్ అనే ప్రోటీన్‌కు యాంటీబాడీ వేయండి. అది నాడీకణాల్లోనే వెలుగుతుంది. గాడికి ముందు అంతా చీకటి. గాడి పక్క వరసల్లో గుంపుకు ఒక్క కణం, కాస్త వెనక మూడు, ఇంకా వెనక అయిదు, బాగా వెనక ఎనిమిది. ఒక్కో వరస దాని ముందున్నదానికన్నా సుమారు రెండు గంటలు పెద్దది. రెండు రోజుల పని ఒకే డిస్క్‌లో, ఒకే చూపులో కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ కంటి మీద ఇంతమంది పనిచేయడానికి పెద్ద కారణం అదే. పిల్లల చేత ఏ వరసలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టించండి, మీరు ముందే చెప్పేయకండి.

ప్రశ్న: పని దొరకని కణాలు ఏమవుతాయి?

జవాబు: చనిపోతాయి. లార్వా తర్వాతి ప్యూపా దశలో నేత్రాంశాల నడుమ మిగిలిన కణాల్లో దాదాపు మూడో వంతు తమను తాము చంపుకుంటాయి. అక్కడా ఇవే సంకేతాలు. ఈజీఎఫ్ మాట అందినవి బతుకుతాయి, నాచ్ మాట చావు వైపు నెడుతుంది. ఆ చావులు ఆగిపోతే అదనపు కణాలు ఇరుక్కుని షడ్భుజాల వరస చెడిపోతుంది.

ప్రశ్న: అన్నీ పక్కవాళ్లు చెప్పినట్టే జరిగితే, ఇక ఆ కంటిలో యాదృచ్ఛికానికి చోటే లేదా?

జవాబు: ఉందండీ, అదీ మన ఏడో కణంలోనే. ఏడో కణాల్లో రెండు రకాలున్నాయి. అవి తయారుచేసే రోడాప్సిన్, అంటే వెలుగును పట్టే ప్రోటీన్, వేరు, పట్టే తరంగదైర్ఘ్యం వేరు. సుమారు 30 శాతం ఒక రకం, 70 శాతం ఇంకో రకం. కంటిలో ఎక్కడ ఏది వస్తుందో ముందుగా చెప్పలేం. ఒకే ఈగ కుడి కన్ను, ఎడమ కన్ను కూడా ఒకేలా ఉండవు. స్పైన్‌లెస్ అనే జన్యువు ఒక్కో ఏడో కణంలో పనిచేయడం, చేయకపోవడం ఏ పొరుగునూ అడగకుండా జరిగిపోతుందని 2006లో తేలింది. పనిచేస్తే 70 శాతం రకం, చేయకపోతే 30 శాతం రకం. ఆ నిర్ణయం అయ్యాక, 30 శాతం రకానికి చెందిన ఏడో కణం తన కిందున్న ఎనిమిదో కణానికి సంకేతం పంపి, తనకు జోడీగా నీలి కాంతిని పట్టే రోడాప్సిన్ తయారుచేయిస్తుంది. సంకేతం అందని ఎనిమిదో కణం ఆకుపచ్చను పట్టే రోడాప్సిన్ తయారుచేస్తుంది. లార్వాలో ఎనిమిదోది చెప్పింది, ఏడోది వింది. ప్యూపాలో చెప్పేది ఏడోది, వినేది ఎనిమిదోది.